ఎర కోసం తెచ్చిన పరక చేపలు తెల్లారేసరికి చచ్చి తేలిపోతున్నాయి, ఏం చేయాలి?

అల్వాల్ గాలం:

అందరికీ నమస్తే. మాది అల్వాల్, మూడో అంతస్తు ఫ్లాట్. ఆదివారాలు మా బాబాయితో కలిసి శామీర్‌పేట దాటాక ఒక ఊరి చెరువుకి కొర్రమీను గాలానికి వెళ్తుంటాను. అక్కడి మత్స్యకార సంఘం వాళ్ళకి డబ్బులు కట్టి, వాళ్ళు చూపించిన గట్టు మీదే కూర్చుంటాం. బాబాయిది ఒకటే మాట: పెద్ద కొర్రమీను కావాలంటే బతికున్న పరకే వేయాలి, వానపాము వేస్తే జెల్లలు వచ్చి తినిపోతాయి.

శనివారం సాయంత్రం వల వేసేవాళ్ళ దగ్గర పరకలు తెచ్చుకుంటాను. వేలెడంత పొడవు, తోక మొదట్లో నల్ల చుక్క ఉండే రకం. ఓ నలభై దాకా ఉంటాయి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్లో వేసి బాల్కనీలో పెడతాను. రాత్రి పది దాకా బాగానే తిరుగుతుంటాయి. పడుకునే ముందు పాత నీళ్ళు పారబోసి కుళాయి నీళ్ళు నిండుగా పడతాను, కాసిని మరమరాలు వేస్తాను, పిల్లి రాకుండా మూత బిగిస్తాను. పొద్దున్నే మూత తీస్తే సగం పైగా పొట్ట పైకి పెట్టి ఉంటాయి. మిగిలినవి నీళ్ళ పైన నోళ్ళు తెరిచి గుటకలు వేస్తుంటాయి. చెరువు చేరేలోపు వాటి పనీ అయిపోతుంది. చలికాలంలో ఇంత చావు లేదు, ఎండలు ముదిరాకే ఈ టెన్షన్.

ఇంకో అనుమానం. మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదానికి కొర్రమీను పిల్లల్ని చిన్న కవర్లో, గుక్కెడు నీళ్ళలో పట్టుకుని జనం క్యూలో నిలబడతారు కదా. అవి హాయిగా బతికే ఉంటాయి. నా పరకలకి ఇరవై లీటర్లు ఇచ్చినా ఎందుకు చస్తున్నాయి?

బెండు భాయ్:

గాలి చాలట్లేదు బ్రో. అక్వేరియం షాపులో చిన్న పంపు దొరుకుతుంది, పెట్టెయ్. అయిపోయింది.

సైదాబాద్ పెద్దన్న:

తమ్ముడూ, పంపు కొను, కాదనను. కానీ దానికంటే ముందు ఆ పడుకోబోయే ముందు నీళ్ళు మార్చే కార్యక్రమం ఆపెయ్. పది దాకా బాగున్న చేపలు తెల్లారేసరికి పోయాయంటే మధ్యలో జరిగినవి మూడే: కొత్త నీళ్ళు, మరమరాలు, మూత. మూడూ వాటికి గిట్టనివే.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణమే చెబుతోంది. మనకి అది మంచిది, పరక మొప్పలకి మంట. కొత్త నీళ్ళు పోసిన కాసేపటికి చేపలు ఉలిక్కిపడినట్టు అటూ ఇటూ కొట్టుకుంటే, బకెట్ అంచులకి గుద్దుకుంటే అది క్లోరిన్ పనే అనుకో. నీళ్ళు పట్టి మూత లేకుండా ఒక రోజు ఆరుబయట వదిలేస్తే చాలావరకు పోతుంది, గాలి పంపు పెడితే ఇంకా తొందరగా పోతుంది. అంత టైం లేదంటే అక్వేరియం షాపులో క్లోరిన్ పోగొట్టే చుక్కల మందు అమ్ముతారు. పాతకాలం ఫొటో స్టూడియోల్లో వాడిన హైపోయే అది, సోడియం థయోసల్ఫేట్. సీసా మీద రాసిన మోతాదు దాటకు. బోరు నీళ్ళలో ఈ గోల లేదు గానీ, అప్పుడే తోడిన బోరు నీళ్ళలో గాలి తక్కువ, రెండు గంటలు పంపు నడిచాకే చేపలు వెయ్యి. అన్నిటికంటే మేలైనవి చేపలు తెచ్చిన చెరువు నీళ్ళే. వల వాళ్ళ దగ్గర పరకలతో పాటు రెండు క్యాన్లు చెరువు నీళ్ళు కూడా తెచ్చుకో, ఆ రాత్రికి అవి సరిపోతాయి.

ప్రసాదం చేపల సంగతి అడిగావు. కొర్రమీనుకి మొప్పల పైన, తల లోపల గాలి పట్టుకునే ఒక అర ఉంటుంది. నీళ్ళ పైకొచ్చి మనలాగే గాలి మింగుతుంది. పైకి రానివ్వకుండా వలలో అడుగున బిగిస్తే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది కూడా. కవర్లో గుక్కెడు నీళ్ళున్నా పైన గాలుంటే చాలు దానికి. పరకకి ఆ ఏర్పాటు లేదు, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఒక్కటే దిక్కు. నీ పరకలు పొద్దున్నే పైకొచ్చి గుటకలు వేయడం గాలి తాగడం కాదు, గాలి తగిలే పైపొరలో నాలుగు చుక్కలు దొరుకుతాయేమోనని ఆఖరి ప్రయత్నం.

ఎండాకాలంలోనే ఎందుకంటావా? 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి మనకి ఇంకాస్త తక్కువే. అదే సమయంలో నీళ్ళు వేడెక్కేకొద్దీ చేప ఒంట్లో పని పెరిగి దానికి కావలసిన గాలి పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు లాంటిదే మే నెల బకెట్. అందులో నలభై మందిని కూర్చోబెట్టావు. పంపు లేకుండా ఇరవై లీటర్లకి పది, పన్నెండు చాలు. నిజంగా ఆలోచించు, ఒక పూటకి గాలానికి అంతకంటే ఎన్ని గుచ్చుతావు?

బకెట్ నిండుగా నీళ్ళు పోస్తే గాలి ఎక్కువ ఉంటుందనుకోకు. గాలి దిగేది పై నుంచి, కాబట్టి లోతు కాదు, వెడల్పు ముఖ్యం. వెడల్పాటి గుండ్రటి టబ్బులో సగం దాకా నీళ్ళుంటే నిండు బకెట్ కంటే నయం. నలుచదరం డబ్బాలు వద్దు, చేపలన్నీ ఒక మూలకి చేరి ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి. బట్టలు నానబెట్టిన టబ్బు అసలు ముట్టుకోకు, సబ్బు వాసన పోయినా దాని జాడ పోదు. మూత బదులు దోమతెర గుడ్డ కప్పి పాత సైకిల్ ట్యూబు ముక్కతో కట్టు. పిల్లీ రాదు, పరకా ఎగిరి బయటపడదు.

మరమరాలు ఎందుకు తమ్ముడూ, పెంచుకుంటున్నావా? తిన్న చేప నీళ్ళు పాడు చేస్తుంది. మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది, తినకుండా మిగిలిన మరమరాలు కుళ్ళి ఇంకొంత కలుపుతాయి. వేడి నీళ్ళలో దాని విషం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పరక రెండు రోజులు తిండి లేకున్నా ఏమీ కాదు. ఆకలి మీదున్న ఎర గాలానికి చురుగ్గా కూడా ఉంటుంది.

నీరుకట్టె:

పెద్దన్న చెప్పాక మిగిలింది తక్కువే, రెండు ముక్కలు కలుపుతా.

చేపల్ని చేత్తో పట్టుకునే తీరు చూడండి. పరక ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, అదే దానికి కవచం. పొడి చేత్తో పట్టుకుని చూస్తే వేళ్ళకి పొలుసులు అంటుకుని మెరుస్తాయి. పొలుసు ఊడిన చోట మరునాటికి ఎర్రగా కందుతుంది, ఆ తర్వాత దూది అంటించినట్టు బూజు పడుతుంది. ఆ చేప గాలానికి గుచ్చిన పది నిమిషాలకే వాలిపోతుంది. అందుకే చేయి ముందు అదే నీళ్ళలో తడపాలి. ముడులున్న నైలాను వల ముక్క కాకుండా మెత్తటి జాలీ గరిట వాడాలి. దోమల క్రీము రాసుకున్న చేత్తో మాత్రం బకెట్లో వేలు కూడా పెట్టొద్దు. గట్టు మీద అందరం రాసుకుంటాం కాబట్టి చెబుతున్నా.

రెండోది ఉప్పు. పది లీటర్లకి రెండు పెద్ద చెంచాలు, అంటే ముప్పై గ్రాముల దాకా కల్లుప్పు కరిగించి పోస్తే చేప ఒత్తిడి తగ్గుతుంది, గీరుకుపోయిన చోట జిగురు మళ్ళీ పడుతుంది. ముందు ఒక మగ్గులో కరిగించాకే పొయ్యాలి, గడ్డలుగా వేస్తే మీద పడిన చోట కాలుతుంది. పెద్దన్న ఉప్పు ఊసు ఎత్తలేదు, ఆయనకి నమ్మకం లేదేమో. నాకైతే దూరం తీసుకెళ్ళేటప్పుడు తేడా కనిపిస్తుంది.

పెయింటు బకెట్ నాకూ నచ్చలేదు. ఎంత కడిగినా గోడలకి పట్టిన పొర కొంత మిగులుతుంది. అది పడేసి తిండి సరుకులు వచ్చిన డబ్బా ఏదైనా తెచ్చుకోండి.

చెరువు దగ్గర బకెట్‌కి మళ్ళీ పంపు అక్కర్లేదు. మూత ఉన్న ప్లాస్టిక్ జాలీ బుట్టలో పరకలు వేసి తాడు కట్టి నీళ్ళలో దించండి. గట్టు పక్కన లోతు లేని నీళ్ళు పది గంటలకే వేడెక్కుతాయి, కాబట్టి చెట్టు నీడ పడే చోట మోకాలి లోతున ఉంచాలి. మూత గట్టిగా కట్టండి. నా పేరు పెట్టుకున్న పాము ఊరికే ఉండదు, సందు దొరికితే బుట్టలో దూరి పరకలన్నీ మింగి, పొట్ట ఉబ్బి వచ్చిన సందులోంచి బయటికి రాలేక అక్కడే పడి ఉంటుంది. విషం లేనిదే, కానీ ఎర కోసం చేయి పెట్టినవాడి గుండె ఆగినంత పని అవుతుంది.

చందానగర్ ట్యాంకు:

నేను గాలం వేయను, అక్వేరియం చేపలు పెంచుతాను. తీసుకెళ్ళే పద్ధతి మీద ఒక మాట. మీరు చేప పిల్లల్ని హ్యాచరీ నుంచి తెచ్చేవాళ్ళని చూసే ఉంటారు: పాలిథిన్ కవర్లో మూడో వంతు నీళ్ళు, మిగతా రెండు వంతులు ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండ్ బిగిస్తారు. అక్వేరియం షాపుల్లో సిలిండర్ ఉంటుంది, చిన్న మొత్తానికే నింపి ఇస్తారు. బైకు మీద ఆ కవరును తడి గోనె సంచిలో చుట్టుకుని వెళ్తే కుదుపులకి నీళ్ళు చిమ్మవు, ఎండా తగలదు. చేరాక కవరును విప్పకుండా చెరువు నీళ్ళలో పావుగంట తేలనివ్వండి, వేడి సమం అయ్యాక వదలండి.

గాలం వేసేవాళ్ళందరికీ ఒక విన్నపం. ఎర దొరకలేదని గప్పీలు, ప్లాటీలు కొని వాడకండి, మిగిలినవి చెరువులో అసలు వదలకండి. అక్వేరియంలో అద్దం నాకే చేపని పెద్దదైందని ఎవరో వదిలేసిన ఫలితం ఇప్పుడు వలల్లో దయ్యం చేపగా పడుతోంది. దాని ముళ్ళకి వలలు చిరుగుతున్నాయి, తినేవాడు లేడు. అలాగే ప్రభుత్వం చెరువుల్లో వదిలే బొచ్చె, రవ్వ పిల్లల్ని ఎరకి పట్టకండి. అవి సంఘం వాళ్ళ రేపటి బువ్వ.

అల్వాల్ గాలం:

అందరికీ థాంక్స్. పెద్దన్నా, మరమరాలు మా బాబాయి ఐడియా, ఆయనకి మీ జవాబు చదివి వినిపించాను, మౌనంగా టీ తాగాడు. పాత టబ్బులు చూస్తే అన్నిట్లో సబ్బు పడే ఉంది, కొత్తది కొంటున్నా. ఒక సందేహం: రాత్రి బాల్కనీ నీళ్ళు చల్లబడాలంటే ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు వేయొచ్చా? పంపు పెడితే కరెంటు పోయినప్పుడు పరిస్థితి ఏంటి?

సైదాబాద్ పెద్దన్న:

ఐసు నీళ్ళలో నేరుగా వేయకు. అదీ కుళాయి నీళ్ళతో చేసిందే, పైగా ఒక్కసారిగా చల్లబడితే చేప బిగుసుకుపోతుంది. అర లీటరు సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, మూత బిగించి, సీసాతో సహా టబ్బులో తేల్చు. రెండు మూడు డిగ్రీలు తగ్గాయనిపిస్తే తీసెయ్. నిజానికి మే నెలలో ఐసు కూడా అక్కర్లేదు. టబ్బు చుట్టూ గోనె సంచి చుట్టి, దాన్ని తడుపుతూ గాలి ఆడే చోట పెడితే పొడి గాలికి అదే చల్లబడుతుంది. వానలు మొదలయ్యాక గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఈ ఉపాయం పనిచేయదు, అప్పటికి వేడి కూడా తగ్గి ఉంటుందిలే.

పంపు ఎప్పుడూ నీళ్ళ మట్టం కంటే పైన పెట్టు, గోడకి మేకు కొట్టి తగిలించు. కింద పెడితే కరెంటు పోగానే నీళ్ళు పైపులోంచి వెనక్కి పంపులోకి దిగుతాయి, పంపూ పోతుంది, టబ్బూ ఖాళీ అవుతుంది. పవర్ బ్యాంకు మీద నడిచే చిన్న పంపులు వస్తున్నాయి, అదే తీసుకో, రాత్రంతా నడుస్తుంది, చెరువుకీ పనికొస్తుంది. పంపు గొట్టం చివర బుడగలు వదిలే గాలి రాయి టబ్బు మధ్యలో అడుగున పెట్టు. బుడగలు మెల్లగా, సన్నగా రావాలి. నీళ్ళు కుతకుతలాడేలా పెడితే పరకలు రాత్రంతా ఆ ప్రవాహానికి ఎదురీది అలిసిపోతాయి.

ఉప్పు మీద నాకు పేచీ లేదు నీరుకట్టె, రాయడం మర్చిపోయా. తమ్ముడూ, రాత్రి ఒకసారి లేచినప్పుడు టార్చి వేసి చూడు. చచ్చినది కనబడితే వెంటనే తీసెయ్, అది కుళ్ళితే మిగతావాటి గాలి కూడా లాగేస్తుంది. తీసినవాటిని పారేయకు, కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. కొర్రమీనుకి కాకపోయినా అడుగున తిరిగే వాలుగకి, జెల్లలకి చచ్చిన పరక బాగానే పనికొస్తుంది.

నీరుకట్టె:

ఫ్రిజ్‌లో పెట్టే ముందు ఇంట్లో అడగండి.