అప్‌డేట్: ఆండ్రోమెడా స్పష్టంగా వస్తోంది, తోకచుక్క మాత్రం అలుక్కుపోతోంది (పరిష్కారం దొరికింది)

సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ నా ఫోటోల్లో చక్కగా వస్తూ, మన సౌరకుటుంబంలోనే ఉన్న తోకచుక్క ఎందుకు చెదిరిపోతోందని అడిగాను.

"స్టాకింగ్‌లో (చాలా ఫోటోలను ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే ఫోటోగా కలపడంలో) నక్షత్రాలను కాదు, తోకచుక్క కేంద్రాన్ని ఆధారంగా తీసుకోండి" అన్న సలహాయే పనిచేసింది. గెలాక్సీ నక్షత్రాలతోపాటే కదులుతుంది కాబట్టి గంటల తరబడి తీసిన ఫ్రేములు (విడి ఫోటోలు) కలుపుకోవచ్చు. తోకచుక్క అలా కాదు. రోజుకు 2 డిగ్రీలు జరిగేదైతే నిమిషానికి 5 ఆర్క్‌సెకన్లు (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) పక్కకు వెళ్లిపోతుంది. ట్రాకర్ (ఆకాశంతోపాటు కెమెరాను తిప్పే పరికరం) నక్షత్రాలను ఎంత కచ్చితంగా పట్టుకుంటే తోకచుక్క అంత గీతలా సాగుతుంది!

డీప్‌స్కైస్టాకర్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో రిఫరెన్స్ (మిగతావాటికి ఆధారంగా తీసుకునేది), మొదటి, చివరి ఫ్రేముల్లో కేంద్రాన్ని గుర్తించాను. మిగతావాటి స్థానం ఫోటో తీసిన సమయాన్ని బట్టి అదే లెక్కకట్టింది (కెమెరా గడియారం సరిగ్గా ఉండాలి, ఇది మరవకండి). ఎక్స్‌పోజర్ కూడా తగ్గించాను. కేంద్రం చుట్టూ పచ్చటి కోమా (వాయువు, ధూళి పొర) ఎంత అందంగా తేలిందో!

పోలార్ అలైన్‌మెంట్ (ట్రాకర్ అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు సరిచేయడం), లెన్స్, ఫోకస్‌లకు దీనితో సంబంధం లేదు.

తోక చివర మాత్రం ఇంకా పలచగానే ఉంది. సూర్యుడికి దగ్గరగా ఉన్నందున సంధ్యావెలుగులో, దిగంతం పక్కనే తీయాల్సి వస్తోంది. దానికి స్టాకింగ్ మందు కాదు. చంద్రుడు లేని రోజు, తోకచుక్క ఇంకాస్త పైకి వచ్చాక తీయడమే మార్గం.