అప్‌డేట్: యాంగ్జైటీ, మైగ్రేన్ రెండూ ఉన్నప్పుడు మందు వాడాలా?

యాంగ్జైటీ అటాక్‌లు, మైగ్రేన్ ఒకదాని వెంట ఒకటి వస్తుంటే మందు మొదలుపెట్టాలా వద్దా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. బెంగళూరులోనే న్యూరాలజిస్ట్‌తో మాట్లాడాక మొదలుపెట్టాలనే నిర్ణయించుకున్నాను.

రాసిచ్చింది ప్రొప్రనొలాల్. మైగ్రేన్ రాకుండా ఆపడానికి వాడే మందే గుండెదడ, చేతుల వణుకు కూడా తగ్గిస్తుంది. భయపెట్టే ఆలోచనల్ని మాత్రం ఆపదు, వాటికి సీబీటీ (ఆలోచనల తీరును మార్చుకోవడం నేర్పే టాక్ థెరపీ) కావాల్సిందే. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి, అప్పుడిది పనికిరాదు. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మైగ్రేన్‌కి పనిచేస్తోందో లేదో తేలడానికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. తగ్గింది కదా అని డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా మానేస్తే గుండె వేగం, బీపీ ఎగబాకుతాయి. ఇంకో చిక్కుంది: మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్ రకం మాత్ర రిజాట్రిప్టాన్‌ని ఇది రక్తంలో పెంచుతుంది, అందుకే ఆ మాత్ర 10 మి.గ్రా. బదులు 5 మి.గ్రా. రాస్తారు.

తలనొప్పి డైరీ రాయమన్నవాళ్లకి ప్రత్యేకంగా దండాలు. తేదీ, నొప్పి మొదలైన టైమ్, నిద్ర, వేసుకున్న మాత్ర రాస్తే చాలు. అన్నిటికంటే పనికొచ్చేది మాత్రల లెక్కే. నెలకి 15 రోజులు పారాసెటమాల్ గానీ, 10 రోజులు ట్రిప్టాన్‌లు గానీ మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి.

దడ మొదలైనప్పుడు నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పిడుగులా హఠాత్తుగా వచ్చే తలనొప్పి, మాట తడబడటం, ఒంట్లో ఒక పక్క పట్టు తప్పడం కనిపిస్తే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.