అయస్కాంత నానో కణాలకు పాలిమర్ పూత కావాలా, వద్దా?

ఎచ్చెర్ల_కెమిస్ట్రీ:
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఆక్సైడ్) నానో కణాలు చేస్తున్నాను. ఫెర్రస్ ఇనుప లవణం ఒక పాలు, ఫెర్రిక్ లవణం రెండు పాళ్లు కలిపి అమ్మోనియా పోశాను. వచ్చిన నల్లటి అవక్షేపానికి సిట్రిక్ యాసిడ్ పూత వేశాను. డిస్టిల్డ్ వాటర్‌లో పది రోజులైనా తేలుతూనే ఉంది. కవిటిలో మా ఇంటి బోరు నీళ్లలో కలిపితే తెల్లారేసరికి అడుక్కి దిగిపోయింది. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) అనే పాలిమర్ వాడదామంటే, పాలిమర్ వేస్తే అయస్కాంత గుణం పోతుందని సీనియర్లు భయపెడుతున్నారు. నిజమేనా?

బొబ్బిలి_ల్యాబ్:
పోదు గానీ తగ్గుతుందమ్మా. పెద్ద మాగ్నటైట్ ముక్కకి గ్రాముకు సుమారు 92 ఈఎంయూ (అయస్కాంత బలం కొలిచే యూనిట్) ఉంటే, నానో కణానికి ముందే తక్కువ. దానిమీద మళ్లీ పాలిమర్ బరువు ఎందుకు? సిట్రిక్ యాసిడ్ చవక, కడగడం తేలిక. నేనైతే పాలిమర్ జోలికి వెళ్లను.

టెక్కలి_మాస్టారు:
ఆ లెక్కతో నేను ఒప్పుకోను. పాలిమర్ బరువు కూడా కలిపి భాగిస్తే అంకె తగ్గక ఏమవుతుంది? టీజీఏలో (వేడిచేస్తూ బరువు ఎంత తగ్గిందో కొలిచే పరీక్ష) పాలిమర్‌ని కాల్చేసి, మిగిలిన ఇనుప ఆక్సైడ్ బరువుతో భాగించి చూడండి.

అమ్మా, సిట్రేట్ పూత కణాలకు రుణావేశం ఇస్తుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి తేలుతాయి. బోరు నీళ్లలోని ఉప్పులు ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. పాలిమర్ గొలుసులైతే కణం చుట్టూ జుత్తులా నిలబడి పక్కదాన్ని దగ్గరకు రానివ్వవు, ఉప్పు ఉన్నా సరే. అయితే ఏ పాలిమర్ పడితే అది పనికిరాదు. కణాన్ని పట్టుకునే కొస లేని పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) కడుగుతుంటే ఊడిపోతుంది. పాలీఅక్రిలిక్ యాసిడ్‌కి గట్టి పట్టుంది గానీ కాల్షియం తగిలితే ముద్దకడుతుంది. పాలిమర్ చాలకపోయినా ముప్పే: ఒకే గొలుసు రెండు కణాల్ని పట్టుకుంటుంది.

ఇంకోటి. కిడ్నీ రోగుల రక్తహీనతకి ఎక్కించే ఫెరుమాక్సిటాల్ అనే మందు ఇలాంటి ఇనుప ఆక్సైడ్ కణమే, పైన చక్కెర జాతి పాలిమర్ పూత. అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది. ప్రాణాంతక ఎలర్జీల వల్ల 2015లో తీవ్ర హెచ్చరిక కూడా పెట్టారు. అది కిడ్నీ జబ్బుని నయం చెయ్యదు, ఇనుము లోటు తీరుస్తుంది, అంతే. అయినా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని కవిటి పిల్ల ఈ పని చేస్తోందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

బొబ్బిలి_ల్యాబ్:
ఉప్పు నీళ్ల విషయంలో మీదే రైటు మాస్టారూ. కానీ అవక్షేపం ఏర్పడుతున్నప్పుడే పాలిమర్ పోస్తే కణం ఎదగదు. అప్పుడు అసలు ఇనుప ఆక్సైడ్‌కే బలం తగ్గుతుంది, టీజీఏ లెక్క వేసినా అది దాగదు. ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

టెక్కలి_మాస్టారు:
అది నిజమే. అందుకే కణాలు తయారయ్యాకే పూత వెయ్యమంటాను.

ఎచ్చెర్ల_కెమిస్ట్రీ:
అయితే పీవీఏ ముందు పోసింది ఒకటి, తర్వాత పోసింది ఒకటి, సిట్రేట్‌ది ఒకటి, మూడూ బోరు నీళ్లలోనే పెడతాను. ఆదివారం ఊరెళ్లి క్యాన్‌తో నీళ్లు తెచ్చుకుంటాను.