ప్రసార సాఫ్ట్‌వేర్, డ్రైవర్ రచన: ప్రామాణిక పత్రాలు ఎక్కడ వెతకాలి?

తరంగిణి:
డిజిటల్ టీవీ ట్యూనర్ ఒకదానికి లినక్స్ డ్రైవర్ రాస్తూ, ఛానెళ్ల జాబితా చూపే చిన్న ప్రోగ్రామును కూడా సిద్ధం చేస్తున్నాను. సిగ్నల్ చక్కగా అందుతోంది, కానీ కొన్ని ఛానెళ్ల పేర్ల ముందు ఒక పిచ్చి గుర్తు వస్తోంది, మరికొన్ని పేర్లలో అక్షరాలే చెదిరిపోతున్నాయి. కెర్నల్ (లినక్స్ మూల భాగం) పత్రాలు ఎంత తిరగేసినా దీని గురించి ఒక్క ముక్క కనిపించలేదు. గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయనిదే డేటాషీట్ (చిప్ సాంకేతిక వివరాల పత్రం) ఇవ్వబోమని చిప్ తయారీదారు తేల్చి చెప్పారు. మీరంతా ఇలాంటి పత్రాలను ఎలా సంపాదించారు?

పాతయాంటెన్నా:
తరంగిణి గారూ, మీరు వెతికిన చోటు వేరు, సమాధానం ఉన్న చోటు వేరు. ఛానెల్ పేర్లతో కెర్నల్‌కు నిమిత్తం లేదు. ప్రసారం వచ్చే 188 బైట్ల ప్యాకెట్లలోంచి మీరు అడిగినవి ఏరి ఇవ్వడంతో దాని పని ముగుస్తుంది. వాటిలోని సమాచారానికి అర్థం చెప్పేది ప్రసార ప్రమాణం. డీవీబీ అనే డిజిటల్ టీవీ ప్రసార పద్ధతికి అది ఐరోపా ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ వారి ఈఎన్ 300 468. ఆ సంస్థ సైటు నుంచి ఉచితంగా దించుకోవచ్చు. అందులో అనుబంధం ఏ చదవండి. పేరులోని మొదటి బైటు హెక్స్ (పదహారు ఆధారంగా రాసే సంఖ్య) 20 కంటే తక్కువైతే అది అక్షరం కాదు, ఏ అక్షర పట్టిక వాడాలో తెలిపే గుర్తు. హెక్స్ 15 ఉంటే తరువాతదంతా యూటీఎఫ్-8, అంటే అన్ని లిపులకూ పనికొచ్చే అక్షర సంకేత పద్ధతి. గుర్తు లేనంత మాత్రాన యూటీఎఫ్-8 అనుకోకండి, అప్పుడు వర్తించే పట్టిక ఐఎస్ఓ 6937 అనే లాటిన్ అక్షరాల ప్రమాణం ఆధారంగా రూపొందినది.

ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ (ఆ ప్యాకెట్ల వరుస) నిర్మాణాన్ని వివరించే ఐఎస్ఓ 13818-1 ధర చూసి చాలామంది వెనుదిరుగుతారు. అదే పాఠాన్ని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ హెచ్.222.0 పేరుతో ఉచితంగా ఇస్తోంది. ఈ సంగతి తెలియని రోజుల్లో ఎవరెవరో రాసిన సంగ్రహాలను నమ్ముకొని నేనొక రికార్డరు రాశాను. ఒక రోజు దాటి కాసేపు కాగానే అది నిలిచిపోయేది. దృశ్యాన్ని, శబ్దాన్ని ఎప్పుడు చూపాలో తెలిపే కాలముద్ర 33 బిట్ల సంఖ్య అనీ, సెకనుకు 90,000 చొప్పున పెరిగి సుమారు ఇరవై ఆరున్నర గంటలకు మళ్లీ సున్నాకు వస్తుందనీ అసలు పత్రం చదివాకే అర్థమైంది. అప్పటికి ఆ తప్పు కోసం రెండు వారాలు డ్రైవర్‌ను తవ్వాను!

కెర్నల్‌బాట:
డ్రైవర్ వైపు నేను చెప్పగలిగింది వెర్షన్ గురించి. డ్రైవర్లు నేర్చుకునేవారికి అందరూ చేతిలో పెట్టే ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ పుస్తకం మూడవ కూర్పు 2005 నాటిది, 2.6.10 కెర్నల్ మీద రాసినది. భావనలకు పనికివస్తుంది కానీ అందులోని కోడ్ ఇప్పుడు కంపైల్ కాదు. డీవీబీ ఇంటర్‌ఫేస్ కూడా 2008 చివర్లో వచ్చిన 2.6.28తో మారింది, కనుక అంతకు ముందటి పాఠాలను పక్కన పెట్టండి. మీరు వాడే కెర్నల్ మూలంలోనే ఉన్న డాక్యుమెంటేషన్ సంచయాన్ని నమ్మడం మేలు, ఎందుకంటే అది ఆ కోడ్‌తో పాటే వస్తుంది. డేటాషీట్ దొరకకపోతే, అదే కుటుంబపు చిప్‌కు ఇప్పటికే కెర్నల్‌లో ఉన్న డ్రైవర్‌ను చదవండి. రిజిస్టర్ల (చిప్ అమరికలను ఉంచే గడుల) పేర్లు, ఆరంభ విలువలు చాలావరకు అక్కడే బయటపడతాయి. కెర్నల్ 5.10 నుంచి ఉన్న విడ్‌టీవీ అనే కల్పిత ట్యూనర్ డ్రైవర్‌ను నమూనాగా చదువుకోవచ్చు, హార్డ్‌వేర్ లేకుండానే మీ ప్రోగ్రామును పరీక్షించుకోవచ్చు.

కిటికీ:
విండోస్‌కు కూడా రాయాల్సి వస్తే ఒక్క మాట: టీవీ ట్యూనర్ల కోసం అందులో ఉన్న బ్రాడ్‌కాస్ట్ డ్రైవర్ ఆర్కిటెక్చర్‌లో డ్రైవర్ భాగం డ్రైవర్ కిట్ పత్రాల్లోనూ, అప్లికేషన్ భాగం డైరెక్ట్‌షో (విండోస్ వీడియో, ఆడియో వ్యవస్థ) పత్రాల్లోనూ విడివిడిగా ఉన్నాయి. ఒకదాన్ని చూసి రెండోది లేదనుకోకండి.

తరంగిణి:
పాతయాంటెన్నా గారూ, ఆ పిచ్చి గుర్తు హెక్స్ 15 అని తేలింది. మొదటి బైటును విడిగా చదవగానే పేర్లు సరిపోయాయి. రెండు ఛానెళ్లు మాత్రం ఏ గుర్తూ పెట్టకుండా యూటీఎఫ్-8 పంపుతున్నాయి, కాబట్టి పట్టికను చేత్తో ఎంచుకునే వీలు కల్పిస్తున్నాను. ఇక అదే కుటుంబపు డ్రైవర్‌ను చదవడం మొదలుపెట్టాను.