పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ సొంతంగా మార్చవచ్చా?

కొత్తచేయి:
నా బండి పాత పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, అంటే మామూలుగా వెనక చక్రాలతో నడుస్తుంది, లీవరు వేస్తేనే నాలుగింటికీ శక్తి అందుతుంది. మాన్యువల్ గేర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకు (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) వేరే లీవరు, ముందూ వెనకా గట్టి ఇరుసులు. ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే లాకింగ్ హబ్బులు లేవు. ఈ మధ్య క్లచ్ వదలగానే అడుగు నుంచి ‘టంగ్’ మని ఒక దెబ్బ వినిపిస్తోంది. ముందుకు వెళ్లి వెంటనే రివర్స్ వేస్తే అది ఇంకా గట్టిగా ఉంటుంది. నడక వేగంలో పిచ్చుక అరిచినట్టు కిచకిచ, కాస్త వేగం అందుకోగానే వినిపించదు. గంటకు 60 కిలోమీటర్లు దాటితే సీటు కింద సన్నని వణుకు. ఆయిలు, బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకుంటాను కానీ ప్రొపెల్లర్ షాఫ్టు (ఇరుసుకు శక్తి అందించే తిరిగే గొట్టం) ఎప్పుడూ విప్పలేదు. చూసినవారిలో ఒకరు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) పోయిందన్నారు, ఇంకొకరు క్రాస్ (షాఫ్టు చివర వంగే యూనివర్సల్ జాయింట్‌లోని కూడలి ముక్క) అన్నారు. విప్పకుండానే తేల్చుకునే దారి ఉందా? క్రాసే అయితే హైడ్రాలిక్ ప్రెస్ లేకుండా, బెంచి వైస్‌తో మార్చగలనా?

పాతపానా:
మార్చగలరు. అయితే ముందు తేల్చుకోండి, తరువాతే విప్పండి. మీరు చెప్పిన మూడు లక్షణాలనూ ఒకే జబ్బుకు కట్టేయకండి.

కిచకిచ దాదాపుగా క్రాస్‌దే. క్రాస్‌కు నాలుగు కాళ్లు, ఒక్కో కాలికి ఒక కప్పు, కప్పు లోపల చుట్టూ సన్నని నీడిల్ రోలర్లు ఉంటాయి. సీలు పాడై నీరు చేరితే గ్రీజు పోతుంది, రోలర్లు ఎండి తుప్పు పడతాయి. కప్పు అంచున ఎర్రటి పొడి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

‘టంగ్’ సంగతి అంత తేలిక కాదు. క్రాస్ కావచ్చు, షాఫ్టు పొడవు సర్దుకునేలా జారే స్ప్లైన్లు (గాడి పళ్లు) అరిగి ఉండవచ్చు, ఫ్లాంజి (షాఫ్టు చివరను బిగించే బిళ్ల) బోల్టులు వదులై ఉండవచ్చు, లీఫ్ స్ప్రింగుల యూ-బోల్టులు, గేరుబాక్సు మౌంటింగు కూడా ఇదే శబ్దం చేస్తాయి. చేత్తోనే తేల్చవచ్చు. సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. జాయింట్‌కు ఇవతల షాఫ్టును ఒక చేత్తో, అవతల ఫ్లాంజిని ఇంకో చేత్తో పట్టుకుని ఎదురెదురు దిక్కులకు తిప్పండి. క్రాస్‌కూ, దాన్ని పట్టుకునే రెండు చెవుల యోక్‌కూ మధ్య ఏ కొంచెం ఆట కనిపించినా ఆ జాయింట్ పోయినట్టే. అలా కాకుండా షాఫ్టు, ఫ్లాంజి రెండూ కలిసి కొద్దిగా తిరిగి, డిఫరెన్షియల్ లోపల ‘టక్’ మని ఆగితే అది లోపలి క్రౌన్, పీనియన్ గేర్ల పళ్ల మధ్య ఖాళీ. కొంత ఖాళీ ఉండాల్సిందే, లేకపోతే పళ్లు వేడెక్కి పాడవుతాయి. పాత బండిలో అది కాస్త పెరుగుతుంది కూడా. ఆ ‘టక్’ విని డిఫరెన్షియల్ పోయిందని తీర్పు చెప్పేవారు చాలామంది ఉన్నారు, వారి మాట వినకండి. ఫ్లాంజిని పైకీ కిందికీ ఊపి చూడండి. అలా కదిలితే మాత్రం పీనియన్ బేరింగును అనుమానించాలి.

వణుకు కోసం ఒకే వేగంలో ఒకసారి టాప్ గేరులో, మరోసారి దాని కింది గేరులో నడపండి. ఇంజను చుట్లు మారినా అదే బండి వేగం దగ్గర వణుకు వస్తే లోపం షాఫ్టుల్లోనో చక్రాల్లోనో ఉంది. ఇరుసు నిష్పత్తిని బట్టి ప్రొపెల్లర్ షాఫ్టు చక్రం కంటే మూడు నాలుగు రెట్లు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ వేగంగా తిరుగుతుంది. అందుకే షాఫ్టు వణుకు జివ్వుమని సన్నగా ఉంటుంది. టైరుదైతే మందంగా, ఊపినట్టు ఉంటుంది.

ఇరుసుబండి:
షాఫ్టు మీద చెయ్యి వేసే ముందు మీ హ్యాండ్‌బ్రేకు ఎక్కడ పట్టుకుంటుందో చూడండి. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ వంటి బండ్లలో అది చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉన్న డ్రమ్‌ను పట్టుకుంటుంది. వెనక షాఫ్టు ఊడదీశాక లీవరు ఎంత లాగినా వెనక చక్రాలకు ఏమీ అందదు. షాఫ్టు ఉన్నప్పుడు కూడా వెనక ఒక్క చక్రాన్ని జాకీతో లేపితే, డిఫరెన్షియల్ పుణ్యమా అని గాలిలో ఉన్న చక్రం ఒక దిక్కుకు, నేల మీది చక్రం ఇంకో దిక్కుకు తిరిగి బండి దొర్లిపోగలదు. ట్రాన్స్‌ఫర్ లీవరు న్యూట్రల్‌లో ఉంటే గేరులో వదిలినా లాభం లేదు. మొత్తం నమ్మకం అడ్డుచెక్కల మీదే పెట్టుకోండి. కింద దూరడానికి చోటు సరిపోతే బండిని అసలు ఎత్తవద్దు. ఎత్తక తప్పకపోతే స్టాండుల మీద నిలపండి. జాకీ మీద ఉన్న బండి కిందికి తల కూడా పెట్టకండి.

కొత్తచేయి:
ఇద్దరికీ ధన్యవాదాలు. నా బండిలో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలకే ఉంది. వెనక షాఫ్టులో డిఫరెన్షియల్ వైపు జాయింట్‌కు స్పష్టంగా ఆట ఉంది, ఎర్ర పొడి కూడా. ముందు షాఫ్టు రెండు జాయింట్లలోనూ ఏమాత్రం ఆట లేదు. గేరు మార్చి చూస్తే వణుకు బండి వేగాన్నే అనుసరిస్తోంది. కొత్త క్రాసుల్లో గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే మూతి) ఉన్నవి, లేనివి రెండూ దొరుకుతున్నాయి. ఏది తీసుకోవాలి?

నల్లగ్రీజు:
నిపుల్ లేని క్రాస్‌లో గ్రీజు కోసం లోపల రంధ్రాలు తొలవరు కాబట్టి అది కొంత బలంగా ఉంటుంది. అయితే మీరు నీళ్లలో, బురదలో దిగే మనిషైతే నిపుల్ ఉన్నదే మేలు. నీటిలో నుంచి వచ్చాక గ్రీజు గన్‌తో నాలుగు పంపులు కొడితే లోపలి తడి సీళ్ల పక్క నుంచి బయటికి వచ్చేస్తుంది. గ్రీజు కొట్టే ఓపిక లేనివారు నిపుల్ ఉన్నది కొనడం శుద్ధ దండగ.

పాతపానా:
నా ఓటూ నిపుల్‌కే. ఇక పని.

విప్పక ముందే గుర్తులు పెట్టండి. షాఫ్టు ఫ్లాంజి, డిఫరెన్షియల్ ఫ్లాంజి రెండింటి మీదుగా ఒక గీత, జారే జాయింట్ రెండు భాగాల మీదుగా ఇంకో గీత. సుద్ద చెరిగిపోతుంది, పెయింటు వాడండి. వంగి తిరిగే యూనివర్సల్ జాయింట్ వేగాన్ని సమంగా అందించదు. ఒక్కో చుట్టులో అవతలి వైపు రెండుసార్లు ముందుకు పోతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. షాఫ్టు రెండో చివర ఉన్న జాయింట్ ఆ హెచ్చుతగ్గులను రద్దు చేస్తుంది. సాధారణంగా అందుకు రెండు చివర్ల యోకులు ఒకే తలంలో ఉండాలి, రెండు కోణాలూ సమానంగా ఉండాలి. స్ప్లైన్లు ఊడదీసి ఒక్క పన్ను పక్కకు ఎక్కించినా ఆ లెక్క తప్పి, కొత్త క్రాస్ వేసిన బండి పాతదాని కంటే ఎక్కువ వణుకుతుంది. కొన్ని బండ్ల ముందు షాఫ్టులో తయారీదారులే యోకులను కావాలని ఎడంగా అమరుస్తారు. కంటికి వంకరగా ఉందని సరిచేయబోకండి, ఉన్నది ఉన్నట్టే ఎక్కించండి.

ఫ్లాంజి నట్లకు తుప్పు వదిలించే నూనె ముందు రోజే పట్టించండి. స్పానరు జారి మూలలు అరిగితే ఆ ఇరుకులో మళ్లీ పట్టు దొరకదు. చివరి బోల్టు తీసేటప్పుడు షాఫ్టును చేత్తో ఆపండి, రెండో జాయింట్ మీద వేలాడనివ్వద్దు.

బల్ల మీద సర్‌క్లిప్పులు (కప్పులను పట్టి ఉంచే రింగులు) తీయండి. బిగుసుకుపోతే క్లిప్పును పెరికే ముందు కప్పు నెత్తిన ఒక్క దెబ్బ వేయండి, ఒత్తిడి తగ్గి వదులవుతుంది. తరువాత వైస్ దవడల మధ్య ఒక వైపు కప్పు కంటే చిన్న సాకెట్, ఎదురు వైపు కప్పు లోపలికి పట్టేంత పెద్ద సాకెట్ పెట్టి బిగించండి. చిన్నది నెడుతుంది, అవతలి కప్పు పెద్దదాని లోపలికి వస్తుంది. షాఫ్టు గొట్టాన్ని మాత్రం వైస్‌లో నలిపేయకండి. సొట్ట పడితే బ్యాలెన్సు పోతుంది.

కొత్తచేయి:
పాతది బయటికి వచ్చింది. ఒక కాలి మీద రోలర్ల గీతలు లోతుగా పడి ఉన్నాయి. కొత్తదానిలో మూడు కప్పులు బాగానే కూర్చున్నాయి. నాలుగోది సర్‌క్లిప్ గాడి కనిపించేంత లోపలికి వెళ్లడం లేదు. వైస్ ఇంకా బిగించనా?

పాతపానా:
బిగించకండి! ఒక నీడిల్ రోలర్ ఒరిగి కప్పు అడుగున అడ్డంగా పడుకుని ఉంది. ఇంకా నెడితే అది విరుగుతుంది లేదా కప్పు పగులుతుంది. కప్పును వెనక్కి తీసి, రోలర్లన్నీ చుట్టూ నిలబెట్టి, అవి కదలకుండా గ్రీజు అద్ది మళ్లీ మొదలుపెట్టండి. కప్పు దిగుతున్నంతసేపూ క్రాస్ కాలిని లోపలి నుంచి పైకి నెట్టి కప్పులోనే ఉంచండి, అప్పుడు రోలర్లకు పడిపోయే సందు ఉండదు. నిపుల్ గ్రీజు గన్‌కు అందే దిక్కుకే ఉందా అని కూడా ఇప్పుడే చూసుకోండి, బిగించాక తిప్పలేరు.

క్లిప్పులన్నీ గాడిలో పడ్డాక జాయింట్ బిగుతుగా అనిపిస్తే యోక్ చెవుల మీద రాగి సుత్తితో తేలికగా తట్టండి. కప్పులు క్లిప్పులకు ఆనుకుని క్రాస్ స్వేచ్ఛగా తిరుగుతుంది. నాలుగు సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు తొంగిచూసేదాకా పంపు కొట్టండి. జారే జాయింట్‌కు మాత్రం ఆ లెక్క పనికిరాదు. దాన్ని గ్రీజుతో కుక్కితే షాఫ్టు కుంచించుకోవడానికి చోటు ఉండదు, గుంతలో పడినప్పుడు ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు, పీనియన్ బేరింగుల మీద పడుతుంది.

ఫ్లాంజికి అవే గట్టి బోల్టులు, కొత్త సెల్ఫ్ లాకింగ్ నట్లు వేయండి. బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8, 10.9 వంటి అంకె ఉంటుంది. పాత బోల్టు మీది అంకె కన్నా తక్కువది వేయవద్దు. ఎంత బిగించాలో మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచితో బిగించండి.

కొత్తచేయి:
అయిపోయింది. దెబ్బ లేదు, కిచకిచ లేదు. వణుకు మాత్రం అలాగే ఉంది. గుర్తులు కలిసే ఉన్నాయి, టైర్లు బ్యాలెన్స్ చేయించాను. డిఫరెన్షియల్ మూతి దగ్గర కొద్దిగా నూనె చెమ్మ కూడా కనిపించింది.

నల్లగ్రీజు:
షాఫ్టు ఊడదీయడం వచ్చేసింది కదా, పీనియన్ నట్టును ఇంకో పావు చుట్టు బిగించి చూడండి. కారడమూ ఆగుతుంది, వణుకూ తగ్గవచ్చు.

ఇరుసుబండి:
దయచేసి ఆ పని చేయకండి. చాలా ఇరుసుల్లో ఆ నట్టు కింద నలిగే స్లీవు ఉంటుంది, పీనియన్ బేరింగుల బిగుతును నిర్ణయించేది అదే. ఒకసారి ఎక్కువ నలిగితే నట్టు వదులు చేసినా అది వెనక్కి రాదు. బేరింగులు వేడెక్కి, కొంతకాలానికి నిజంగానే డిఫరెన్షియల్ పోతుంది. చెమ్మ కోసం మొదట ఇరుసు మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే రంధ్రం మూత) తీసి చూడండి. బురదతో మూసుకుపోతే, ఇరుసు వేడెక్కినప్పుడు లోపలి గాలి నూనెను సీళ్ల గుండా నెడుతుంది. నూనె మట్టం కూడా చూడండి. ఒకవేళ నూనె మార్చాలనుకుంటే నింపే ప్లగ్ ఊడుతుందని రూఢి చేసుకున్నాకే కింది ప్లగ్ తీయండి.

పాతపానా:
సరిగ్గా చెప్పారు. వణుకు విషయంలో ఇంకో దారి ఉంది. మీకు లాకింగ్ హబ్బులు లేవన్నారు. అంటే టూ వీల్‌లో నడుపుతున్నా ముందు చక్రాలు ముందు షాఫ్టును తిప్పుతూనే ఉంటాయి. పార్ట్ టైమ్ బండి కాబట్టి ముందు షాఫ్టును మొత్తం ఊడదీసి, టూ వీల్ హైలో (వెనక చక్రాలకే శక్తి, మామూలు గేర్లు) పెట్టి నడిపి చూడండి. ఫుల్ టైమ్ ఫోర్ వీల్ బండి ఉన్నవారు ఇలా చేయాలంటే రెండు ఇరుసుల మధ్య ఉండే సెంటర్ డిఫరెన్షియల్‌ను లాక్ చేయాలి, లేకపోతే బండి కదలదు.

కొత్తచేయి:
ముందు షాఫ్టు తీశాక వణుకు పూర్తిగా పోయింది! కానీ అందులో ఆట ఏమీ లేదు కదా, మరి లోపం ఎక్కడ? బల్ల మీద పెట్టి చూస్తే ట్రాన్స్‌ఫర్ కేసు వైపు జాయింట్ ఒక దిక్కుకు తేలికగా వంగుతోంది, రెండో దిక్కుకు బలవంతం చేస్తే తప్ప కదలడం లేదు.

పాతపానా:
దొరికింది. ఆట లేనంత మాత్రాన జాయింట్ బాగున్నట్టు కాదు. తుప్పుతో బిగుసుకుపోయిన క్రాస్‌లోనూ ఆట ఉండదు. వంగాల్సిన చోట వంగక షాఫ్టును పక్కకు తోస్తూ ఉంటుంది. బండి కింద చేత్తో తిప్పే పరీక్షకు ఇది చిక్కదు, షాఫ్టు బయటికి తీసి రెండు దిక్కులకూ వంచి చూడాల్సిందే. అదే కొలత క్రాస్ తెచ్చి, వెనక చేసినట్టే చేయండి. పని చేతికొచ్చింది కాబట్టి ఈసారి రెండు చివర్లా మార్చేయండి.

పార్ట్ టైమ్ బండిని పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పే అలవాటు ఉంటే మానుకోండి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికై బిగుస్తుంది, క్రాసుల ఆయుష్షునూ అది తగ్గిస్తుంది. లీవరు బిగిసి రాకపోతే లాగి కొట్టకండి. తిన్నగా కొంత దూరం వెనక్కి నడిపితే వదులుతుంది.

కొత్తచేయి:
క్రాసులు వచ్చేదాకా ముందు షాఫ్టు లేకుండా నడపవచ్చా?

పాతపానా:
టూ వీల్ హైలో నడపవచ్చు. లో రేంజి (ట్రాన్స్‌ఫర్ కేసులోని నెమ్మది గేరు) వేయకండి, ఆ టార్కు (తిప్పే బలం) మొత్తం వెనక ఇరుసు ఒక్కటే మోయాలి. షాఫ్టు ఫ్లాంజి బోల్టులు పోకుండా ఒక డబ్బాలో వేసుకోండి. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజి మీద దుమ్ము చేరకుండా గుడ్డ చుట్టవద్దు, తిరిగే భాగానికి చుట్టుకుంటుంది. ఎక్కించే ముందు తుడిస్తే చాలు. వెనక షాఫ్టు నట్లను కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి టార్క్ రెంచితో చూసుకోండి.