వయొలిన్ రికార్డు చేస్తుంటే నా వాయిద్యమే నాకు ఆలస్యంగా వినిపిస్తోంది

గాజువాక వయొలిన్:
నమస్కారమండీ. ఇంట్లో లాప్‌టాప్ మీద వయొలిన్ రికార్డు చేసుకుంటున్నాను. మృదంగం ట్రాకు చెవిలో పెట్టుకుని వాయిస్తుంటే, కమాను లాగిన కాసేపటికి గానీ స్వరం వినపడటం లేదు. దాంతో తాళం తప్పుతోంది. ఎలాగో సర్దుకుని పూర్తి చేసినా, తర్వాత వింటే నా ట్రాకు మృదంగం కంటే వెనకబడి ఉంటోంది. విండోస్ 11, 8 జీబీ ర్యామ్, రెండు ఛానెళ్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె), ఒక మైకు, రికార్డింగ్‌కి రీపర్ సాఫ్ట్‌వేర్. వైర్లు కమానుకి అడ్డొస్తున్నాయని బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వింటున్నాను. జగదాంబ దగ్గర ఒక షాపులో అడిగితే లాప్‌టాప్ మార్చేయమన్నారు. పిల్లల ఫీజులు కట్టే నెల, ఇప్పుడు కొత్తది కొనలేను.

మర్రిపాలెం కీబోర్డు:
అన్నా, ర్యామ్ 16 చేయించెయ్. పని అయిపోద్ది.

ఎంవీపీ కాలనీ:
ర్యామ్ జోలికి వెళ్లకండి. ఎక్కువ వాయిద్యాల శాంపిల్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసి పెట్టిన స్వరాల మూటలు) వాడేవాళ్లకి అది పనికొస్తుంది గానీ ఈ ఆలస్యానికి దానితో సంబంధం లేదు. లాప్‌టాప్ కూడా మార్చక్కర్లేదు.

ముందు ఆ ఇయర్‌బడ్స్ తీసి పక్కన పెట్టండి. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి, పంపి, మళ్లీ విప్పేసరికి వంద మిల్లీ సెకన్లు దాటిపోవడం మామూలే, రెండు వందలైనా ఆశ్చర్యం లేదు. మీ లెక్కలోనే చూడండి: నిమిషానికి 80 దెబ్బల కాలంలో ఒక్కో దెబ్బ 750 మిల్లీ సెకన్లు. చతురశ్రంలో దాన్ని నాలుగు చేస్తే ఒక్కో భాగం సుమారు 187. అంటే ఇయర్‌బడ్స్ మిమ్మల్ని దాదాపు ఒక స్వరం వెనక్కి లాగేస్తున్నాయి. పాటలు వినడానికి అవి బాగానే ఉంటాయి, వాయించడానికి పనికిరావు. వైరున్న హెడ్‌ఫోన్ తెచ్చి ఇంటర్‌ఫేస్‌కి ఉన్న రంధ్రంలోనే పెట్టండి, లాప్‌టాప్‌కి కాదు. వైరుని వీపు మీదుగా వెనక్కి వదిలితే కమానుకి తగలదు.

ఇంకో అనుమానం. ఇయర్‌బడ్స్‌లో వినపడుతోందంటే రీపర్ మీ ఇంటర్‌ఫేస్ ఏఎస్ఐఓ డ్రైవర్‌ని (ఆలస్యం తక్కువగా ఉండేలా శబ్దాన్ని అటూ ఇటూ చేరవేసే సాఫ్ట్‌వేర్) వాడటం లేదన్నమాట. ఇంటర్‌ఫేస్ తయారుచేసిన కంపెనీ సైటు నుంచి ఆ డ్రైవర్ దించుకుని వేసుకోండి. రీపర్‌లో ఆప్షన్స్, ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్‌లోకి వెళ్లి ఏఎస్ఐఓ ఎంచుకుని, కింద మీ ఇంటర్‌ఫేస్ పేరు పెట్టండి. మీ మోడల్‌కి సొంత డ్రైవర్ లేకపోతేనే అన్నిటికీ పనికొచ్చే ఏఎస్ఐఓ ఫర్ ఆల్ డ్రైవర్ వాడండి.

గాజువాక వయొలిన్:
సార్, సగం ప్రాణం లేచొచ్చింది. పాత వైరు హెడ్‌ఫోన్ పెట్టాను, డ్రైవర్ వేశాను. ఆశకొద్దీ బఫర్ 64కి దించితే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు. 512 పెడితే చిటపటలు లేవు, కానీ మళ్లీ కొంచెం లాగుతోంది.

ఎంవీపీ కాలనీ:
బఫర్ అంటే కుళాయి కింద బిందె లాంటిది. బిందె నిండితే గానీ శబ్దం ముందుకు కదలదు. సెకనుకి 48 వేల శాంపిల్స్ (శబ్దపు ముక్కలు) తీసుకునే రేటులో 512 శాంపిల్స్ బఫర్ అంటే సుమారు 10.7 మిల్లీ సెకన్లు, 256 అయితే 5.3, 128 అయితే 2.7. లోపలికొచ్చేటప్పుడు ఒకసారి, బయటికెళ్లేటప్పుడు ఒకసారి, అంటే రెట్టింపు. ఆపైన కన్వర్టర్లకి, డ్రైవర్‌కి ఇంకొంచెం. బిందె మరీ చిన్నదైతే మార్చే చేతికి ఊపిరాడదు, అదే మీ చిటపట.

128తో మొదలుపెట్టండి, కుదరకపోతే 256. ఛార్జర్ పెట్టే ఉంచి, పవర్ మోడ్ ‘బెస్ట్ పెర్ఫార్మెన్స్’లో పెట్టండి. రికార్డింగ్ అయ్యేంతవరకు వైఫై ఆపండి. కొన్ని లాప్‌టాప్‌లలో చిటపటలకి అసలు కారణం ఆ వైఫై డ్రైవరే. ఇంటర్‌ఫేస్‌ని హబ్ ద్వారా కాకుండా నేరుగా లాప్‌టాప్‌కి గుచ్చండి. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాకు మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) గానీ, లీనియర్ ఫేజ్ ఈక్యూ (హెచ్చు తగ్గు స్థాయిల పాళ్లు సరిచేసేది) గానీ పెట్టుంటే తీసేయండి. అవి ముందుచూపు కోసం శబ్దాన్ని కొంచెంసేపు పట్టుకుని వదులుతాయి. బఫర్ ఎంత తగ్గించినా ఆ ఆలస్యం పోదు.

అయినా నన్నడిగితే మీకు ఈ బాధే అక్కర్లేదు. మీ ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట గానీ, మిక్స్ అని తిప్పే బిరడా గానీ ఉందా? ఉంటే మైకు శబ్దం కంప్యూటర్‌లోకి పోయి తిరిగి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. అప్పుడు రీపర్ ట్రాకులో రికార్డ్ మానిటరింగ్ ఆపేయండి, లేకపోతే ఒకే స్వరం రెండుసార్లు వినపడుతుంది.

సీతమ్మధార గాత్రం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. వయొలిన్ వాళ్లకి ఇంకో సులువుంది: ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ పక్కకి జరిపేయండి. మీ వాయిద్యం గదిలోనే వినపడుతుంది, రెండో చెవికి మృదంగం చాలు. కచేరీలో మాత్రం ఏముంది, మృదంగం రెండు మీటర్ల దూరంలో ఉంటే ఆ దెబ్బ మీ చెవికి చేరడానికి ఆరు మిల్లీ సెకన్లు పడుతుంది. దానికెవరూ తాళం తప్పట్లేదు కదా! తెరిచిన చెవి వైపు హెడ్‌ఫోన్ కప్పుని తలకి ఆనించి ఉంచండి, లేకపోతే మృదంగం మైకులో పడుతుంది.

గాజువాక వయొలిన్:
మిక్స్ బిరడా ఉందండీ! ఇన్నాళ్లూ అది సౌండ్ పెంచేది అనుకున్నాను. ఇప్పుడు వాయిస్తుంటే హాయిగా ఉంది. కానీ రికార్డయిన ట్రాకు ఇంకా వెంట్రుకవాసి వెనకే ఉంది.

ఎంవీపీ కాలనీ:
అది వేరే జబ్బు. వినడంలో ఆలస్యం వేరు, రికార్డయిన ట్రాకు జరిగిపోవడం వేరు. డ్రైవర్ తన ఆలస్యం ఎంతో రీపర్‌కి చెబుతుంది, రీపర్ ఆ మేరకు ట్రాకుని ముందుకి జరుపుతుంది. డ్రైవర్ లెక్క తప్పు చెబితే ట్రాకు తప్పుగా కూర్చుంటుంది. కొలిచి చూడండి. ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ మైకుకి పంపే కరెంటు), డైరెక్ట్ మానిటర్, రికార్డ్ మానిటరింగ్ మూడూ ఆపేసి, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి లైన్ ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ పెట్టండి. ఒక క్లిక్ ఉన్న ట్రాకు వాయించి, దాన్ని ఇంకో ట్రాకులోకి రికార్డు చేయండి. బాగా జూమ్ చేసి రెండు క్లిక్‌ల మధ్య ఎన్ని శాంపిల్స్ తేడా ఉందో చూసి, ప్రిఫరెన్సెస్‌లో ఆడియో, రికార్డింగ్ పేజీలో ఆఫ్‌సెట్‌గా ఇవ్వండి. మళ్లీ కొలవండి. తేడా పోకుండా రెట్టింపైతే మైనస్ గుర్తు తిప్పి ఇవ్వండి. బఫర్ సైజు మార్చినప్పుడల్లా ఇంకోసారి కొలుచుకోవడం మంచిది.

గాజువాక వయొలిన్:
190 శాంపిల్స్ వచ్చింది, అంటే నాలుగు మిల్లీ సెకన్లు. సరిచేశాక రెండు క్లిక్‌లూ ఒకదాని కింద ఒకటి కూర్చున్నాయి. రెండో కాలంలో మాత్రం ఇప్పటికీ వెనకబడుతున్నాను, అది డ్రైవర్ మీదకి తోయలేను.

ఎంవీపీ కాలనీ:
హహ. మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు బఫర్ 1024కి పెంచేసుకోండి, అప్పుడు ఆలస్యంతో పనిలేదు. ఆ లిమిటర్ కూడా అప్పుడే పెట్టుకోవచ్చు.