అప్‌డేట్: టోక్యో - లాస్ ఏంజిలిస్, వెళ్లేటప్పుడు 10 గంటలు, వచ్చేటప్పుడు 12 ఎందుకు?

దూరం రెండు వైపులా ఒకటేగా, సుమారు 8,800 కిలోమీటర్లు, మరి టైమ్‌లో రెండు గంటల తేడా ఎందుకని నెల క్రితం అడిగా కదా, జనవరిలో వెళ్లి వచ్చేశా. గాలి వల్లే అని చెప్పినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్, మీరు చెప్పింది అక్షరాలా నిజం.

వెళ్లేటప్పుడు సీటు ముందు స్క్రీన్‌లో స్పీడ్ గంటకి 1,080 కిలోమీటర్లు చూపించింది, వచ్చేటప్పుడు అదే స్క్రీన్‌లో 790 దాటితే ఒట్టు! పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తులో వేగంగా వీచే గాలి) చలికాలంలో ఇంకా బలంగా ఉంటుందట, అది వెనక నుంచి తోస్తే ఒకలా, ఎదురొస్తే ఇంకోలా. అందుకే తిరుగు ప్రయాణంలో దాన్ని తప్పించుకోడానికి బాగా ఉత్తరానికి, అలాస్కా పక్కనున్న అలూషియన్ దీవుల వైపు నుంచి తీసుకొచ్చారు, మ్యాప్‌లో విల్లులా వంగిన ఆ గీత చూస్తూ నిద్ర కూడా పోలేదు నేను.

ఇంకోటి, శనివారం సాయంత్రం 5కి టోక్యోలో ఎక్కితే లాస్ ఏంజిలిస్‌లో దిగేసరికి అదే శనివారం ఉదయం 10! తేదీ రేఖ (పసిఫిక్ మధ్యలో తేదీ మారే ఊహా గీత) దాటడం అంటే ఇదన్నమాట. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక రోజు పోతుంది, కాబట్టి హోటల్ బుక్ చేసేవాళ్లు తేదీలు రెండుసార్లు చూసుకోండి.